పంపు మార్చే ముందు ఆయిల్ ఎక్కడుందో చూడండి

కాస్ట్ ఐరన్ ఇంజన్ బుల్లెట్ ఉన్నవాళ్ళకి ఈ బాధ కొత్తది కాదు. బండిని వారం పది రోజులు తీయకుండా ఇంట్లో పెడతాం. తర్వాత డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ గుర్తుకి కిందికి దిగిపోయి ఉంటుంది. నేల మీద చూస్తే చుక్క కూడా ఉండదు. ఆయిల్ తాగేసిందని అర లీటరు పోస్తాం. కిక్కర్ కొడితే ఇంజన్ బరువుగా తిరుగుతుంది. ఎలాగో స్టార్ట్ అయిందంటే సైలెన్సర్ నుంచి ఎదురిల్లు కనపడనంత పొగ, ఇంజన్ లోపలి గాలి వదిలే బ్రీదర్ పైపు నుంచి బయటికి చిమ్మే ఆయిలు. షెడ్డుకి తీసుకుపోతే ఒకటే మాట: "ఆయిల్ పంపు పోయింది." మారుస్తారు. రెండు మూడు నెలలు బాగుంటుంది. మళ్ళీ మొదటికొస్తుంది.

నా బండి 1994 మోడల్, ఏపీ 03 నంబరు. పుత్తూరులో ఉండే మా మేనమామ దగ్గర కొన్నాను. చిత్తూరులో నా పని కోల్డ్ రూములు, పాల కేంద్రాల చిల్లర్లు రిపేరు చేయడం. తోతాపురి సీజన్లో గుజ్జు ఫ్యాక్టరీల నుంచి అర్ధరాత్రి ఫోన్లు వస్తాయి, ఆ రెండు నెలలూ బండి వంక చూసే తీరిక ఉండదు. అందుకే ఈ పంపు గొడవ నన్ను మామూలు కంటే ఎక్కువ విసిగించింది. ఒక షెడ్డులో పంపు బిళ్ళలు, స్పిండిలు సెట్టుగా మార్చారు. అది మళ్ళీ మొరాయిస్తే వాళ్ళే ఇంకో సెట్టు వేశారు. "ఒరిజినల్ దొరకడం లేదు సార్, డూప్లికేట్ కదా" అన్నారు. అప్పటికి సరే అనిపించింది. తర్వాత చెన్నైలో స్పేర్ పార్టులు దొరికే పుదుపేట నుంచి మంచి సెట్టే తెప్పించి వేయించినా అదే కథ. అప్పుడు ఇక బండిని ఎవరికీ ఇవ్వకుండా ఇంట్లో సెంటర్ స్టాండు మీద పెట్టి, నా పద్ధతిలో చూడటం మొదలుపెట్టాను.

నా పద్ధతి అంటే పెద్దదేం కాదు. ఫ్రిజ్ కంప్రెసర్ల పనిలో ఆయిల్ తగ్గిందంటే మేం మొదట అడిగే ప్రశ్న "ఎంత పోయాలి" అని కాదు, "ఎక్కడికి పోయింది" అని. కంప్రెసర్ నుంచి ఆయిల్ గ్యాస్‌తో పాటు పైపుల్లోకి పోయి, కూలింగ్ కాయిల్లో అడుగున కూర్చుంటుంది. కొత్త కుర్రాళ్ళు కంప్రెసర్‌కి ఉండే ఆయిల్ అద్దంలో లెవల్ తక్కువుందని పైన పోస్తారు. ఏదో ఒక రోజు ఆ కూర్చున్న ఆయిలంతా ఒక్కసారిగా వెనక్కొచ్చి వాల్వులు విరిగిపోతాయి. బుల్లెట్‌లో జరిగేది దాదాపు ఇదే.

ఈ ఇంజన్లో ఆయిల్ ట్యాంకు విడిగా వేలాడదు. క్రాంక్ కేస్‌లోనే, అంటే ఇంజన్ కింది డొక్కలోనే, గోడ కట్టి ఒక గదిలో ఆయిలు, పక్క గదిలో ఫ్లైవీల్సు (బరువైన చక్రాలు) పెట్టారు. పిస్టన్ తిప్పే ఇరుసే క్రాంకు, దాని చివర మరలాంటి వార్మ్ గేరు ఒకటి ఉంటుంది. అది ఒక స్పిండిల్‌ని తిప్పుతుంది. ఆ స్పిండిల్ రెండు చివర్లా రెండు పంపులు. ఒకటి ఫీడ్ పంపు, ట్యాంకు గదిలో ఆయిల్ తీసుకుని ఫిల్టర్ గుండా బిగ్ ఎండ్‌కి, అంటే పిస్టన్ రాడ్డు క్రాంకుకి తగులుకునే చోటికి, పంపిస్తుంది. రెండోది రిటర్న్ పంపు, అక్కడ పడిన ఆయిల్‌ని ఊడ్చి మళ్ళీ ట్యాంకు గదిలోకి చేరుస్తుంది, దారిలో కొంత పైన ఇంజన్ వాల్వుల్ని తెరిచే రాకర్లకి ఇస్తుంది. రిటర్న్ పంపు ఫీడ్ కంటే పెద్దది. వచ్చిన దానికంటే ఎక్కువ ఊడ్చగలగాలి కదా, లేకపోతే ఫ్లైవీల్సు ఆయిల్లో ఈదుతాయి.

రెండు పంపులూ ఒకే రకం. ఒక గుండ్రటి ఇనప బిళ్ళ, దానిలో ఆడే చిన్న ప్లంజరు, వెనక స్ప్రింగు, మీద మూత. స్పిండిల్ తిరిగే కొద్దీ బిళ్ళ అటూ ఇటూ ఊగుతూ ఒకసారి ఆయిల్ లోపలికొచ్చే రంధ్రాన్ని, ఒకసారి బయటికి పోయే రంధ్రాన్ని తెరుస్తుంది. వాల్వులంటూ వేరే ఏమీ లేవు. బిళ్ళ కూర్చునే పీఠం టైమింగ్ కవర్లోనే (ఇంజన్ పక్కన టైమింగ్ గేర్లని కప్పే డొప్ప) చెక్కి ఉంటుంది. బిళ్ళ ఇనుము, పీఠం అల్యూమినియం. ఈ ఒక్క ముక్క గుర్తుంచుకోండి, మిగతా కథంతా దీని మీదే.

ఎన్‌ఫీల్డ్ వాళ్ళు మద్రాసులో బుల్లెట్లు మొదలుపెట్టింది 1955లో. 70 మి.మీ. బోరు, 90 మి.మీ. స్ట్రోకు, 346 సీసీ. తిరువొత్తియూరు ఫ్యాక్టరీ నుంచి దశాబ్దాల పాటు దాదాపు ఇదే ఇంజన్ వచ్చింది. ఇంగ్లండు వాళ్ళు గీసిన పంపే మా ఎండల్లో కూడా తిరుగుతోంది. పంపులో తప్పు లేదు. శుభ్రంగా ఉన్నంత కాలం బాగా పనిచేస్తుంది. కాకపోతే బండి మీద ఆయిల్ మీటరు లేదు, ఎర్ర లైటు కూడా లేదు. ఉన్నది ఒక్క ఆంపియర్ మీటరు, అది ఆయిల్ గురించి ఏమీ చెప్పదు. అందుకని మనమే నట్లు విప్పి చూసుకోవాలి.

ఖర్చు లేని పరీక్ష ముందు చెప్తాను. ఇంజన్ కింద రెండు డ్రెయిన్ నట్లు ఉంటాయి, ఒకటి ట్యాంకు గదిది, ఒకటి ఫ్లైవీల్ గదిది. బండిని బాగా వేడెక్కేదాకా తిప్పి, ఆపిన వెంటనే ఫ్లైవీల్ గది నట్టు విప్పి కింద ఏదైనా పెట్టండి. నేను క్వార్టర్ సీసాకి గరాటు పెట్టాను, 180 మి.లీ. కొలత చేతిలో ఉన్నట్టే (సీసా ఎక్కడిదని మా ఆవిడ అడిగింది, అది వేరే విషయం). అలా విప్పినప్పుడు కొంచెం వస్తుంది, అది మామూలే. సీసా నిండిపోయి ఇంకా కారుతోందంటే రిటర్న్ పంపు ఊడ్చడం లేదని అర్థం. కొంచెమే వచ్చిందంటే రిటర్న్ బాగుంది. నట్టు బిగించి, తీసిన ఆయిల్ ట్యాంకులో పోసేసి, ఇంజన్ ముట్టుకోకుండా రాత్రంతా వదిలేయండి. పొద్దున మళ్ళీ అదే నట్టు. ఇప్పుడొచ్చేదంతా నిలబడి ఉండగా ఫీడ్ పంపు బిళ్ళ కింద నుంచి జారిపోయిన ఆయిలే.

నా బండిలో వేడి మీద విప్పితే సీసా అడుగు మునిగేంత వచ్చింది. పొద్దున విప్పితే సీసా నిండి గరాటు మీద నుంచి పొర్లింది. అంటే రిటర్న్ పంపుకి ఏ రోగమూ లేదు. షెడ్డు వాళ్ళు మార్చిన ప్రతిసారీ రెండు వైపులా మార్చి, రెండింటికీ డబ్బు తీసుకున్నారు.

ఇంకొకటి కూడా దీంతో తేలిపోయింది. ఒకసారి పలమనేరు దగ్గర పాల కేంద్రానికి పోతూ మొగిలి ఘాటు ఎక్కి, పైన టీ తాగడానికి ఆగాను. మే నెల ఎండ. అరగంట తర్వాత కిక్ కొడితే పొగ. ఇంట్లో వారం నిలబెడితే వచ్చే పొగ అరగంటకే ఎలా వచ్చిందో అప్పుడు అర్థం కాలేదు. ఘాటెక్కిన ఇంజన్లో ఆయిల్ నీళ్ళలా పలచబడి ఉంటుంది. చల్లటి ఆయిల్ రాత్రంతా జారేది, వేడి ఆయిల్ టీ తాగేలోపు జారింది.

ఇలా దిగిన ఆయిల్ వల్ల ఇంజన్ వెంటనే పాడైపోదు. స్టార్ట్ చేసి కాసేపు ఐడిలింగ్‌లో వదిలితే రిటర్న్ పంపు మొత్తం వెనక్కి తోడేస్తుంది, లెవల్ మళ్ళీ పైకొస్తుంది. అసలు ముప్పు మనం పైన పోసే అర లీటరు. దిగిన ఆయిల్ వెనక్కొచ్చేసరికి ట్యాంకు పొంగుతుంది, బ్రీదర్ కక్కుతుంది, మనం పంపుని తిడతాం. కాబట్టి నిలబెట్టిన బండిలో డిప్‌స్టిక్ చూసి ఆయిల్ పోయకండి. తిప్పి, ఆపి, అప్పుడు చూడండి.

భయపడాల్సింది ఫీడ్ పంపు ఆయిల్ పంపడం మానేసినప్పుడు. పొగ రాదు, కారదు, బండి ఇంకా శుభ్రంగా కనిపిస్తుంది. ఈ పాత ఇంజన్లలో బిగ్ ఎండ్‌కి రోలర్లు లేవు, ఫ్లోటింగ్ బుష్ (వదులుగా తిరిగే లోహపు గొట్టం) ఉంటుంది. అది ఆయిల్ పొర మీదే బతుకుతుంది. ఆయిల్ ఆగితే కింది నుంచి టక్ టక్ మొదలవుతుంది. ఆ శబ్దం మీ చెవిన పడేసరికి క్రాంకు బయటికి తీయాల్సిన పరిస్థితి. టైమింగ్ కవర్ మీద ఫీడ్ ప్లగ్ అని చిన్న స్క్రూ ఉంటుంది. ఇంజన్ నిదానంగా నడుస్తుండగా దాన్ని కాస్త వదులు చేస్తే ఆయిల్ ఊరాలి. రిటర్న్ వైపు చూడాలంటే పైన రాకర్ పైపు బాంజో బోల్టు (లోపల ఆయిల్ దారి ఉన్న బోల్టు) వదులు చేయండి, అక్కడా ఊరాలి. పంపు విప్పిన ప్రతిసారీ ఈ రెండూ చూడకుండా షెడ్డు నుంచి బండి తెచ్చుకోవద్దు.

ఫీడ్ వైపు బిళ్ళే లీకని తెలిసింది. మరి కొత్త బిళ్ళ వేసినా ఎందుకు ఆగడం లేదు? ఇక్కడ షెడ్ల వాళ్ళ పద్ధతి గురించి ఒక మాట. ఈ పంపుల మూతలు బయటి నుంచే విప్పొచ్చు. మూత తీస్తే స్ప్రింగు, బిళ్ళ, ప్లంజరు చేతికొస్తాయి. టైమింగ్ కవర్ తీయక్కర్లేదు. అందుకని పదిహేను నిమిషాల్లో కొత్త బిళ్ళ వేసి మూత బిగించేస్తారు. బిళ్ళ వెనక పీఠం ఎలా ఉందో చూడాలంటే లైటు వేసి వంగి చూడాలి, సరిగ్గా చూడాలంటే కవరే విప్పాలి. అంత ఓపిక ఎవరికీ లేదు.

నేను కవర్ విప్పేశాను. కట్టమంచిలో నాకు తెలిసిన ముసలి మెకానిక్ ఉన్నాడు, నేను భాయ్ అంటాను. ఇప్పుడు షెడ్డు లేదు, కొడుకు మొబైల్ షాపు ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. కవర్ తీసుకుపోయి ఆయన ముందు పెట్టాను. వేలితో పీఠం తడిమి ఏమీ అనలేదు. తెల్లటి పంచె ముక్క తెప్పించి, కిరోసిన్‌లో తడిపి పీఠం మీద తుడిచాడు. గుడ్డ మీద బూడిద రంగు మరక. మళ్ళీ తుడిచాడు, మళ్ళీ మరక. ఎన్నిసార్లు తుడిచినా వస్తూనే ఉంది.

"వాల్వ్ పేస్టు ఏసి రుద్దినారు సామీ" అన్నాడు. "రుద్దినోళ్ళు కడగలే. అల్యూమినియంలో దిగబడిపోయుండాది. ఇంక ఎన్ని బిళ్ళలు ఏసినా తినేస్తాది."

"మరి రెండు నెలలు బాగుంటుంది కదా భాయ్?"

"కొత్త బిళ్ళ కదా. దాన్ని తినేదానికి ఆ మాత్రం టైం పడతాది."

వాల్వు రుద్దే పేస్టులో కార్బోరండం పొడి ఉంటుంది. ఇనుము వాల్వు, ఇనుము సీటు అయితే కడిగితే పోతుంది. మెత్తటి అల్యూమినియంలో ఆ గింజలు గుచ్చుకుని ఉండిపోతాయి. తర్వాత వేసిన ప్రతి బిళ్ళనీ ఆ పీఠమే ఆకురాయిలా అరగదీస్తూ వచ్చింది. మంచి సెట్టు అయినా డూప్లికేట్ అయినా దాని చేతిలో ఒకటే.

ఇంటికి తెచ్చి పిల్లల మార్కర్ పెన్నుతో పీఠమంతా నల్లగా పూశాను. కొత్త బిళ్ళ పెట్టి వేలితో నొక్కి కాస్త ఊపి తీస్తే, బిళ్ళ తగిలిన చోట సిరా పోయింది, తగలని చోట అలాగే ఉంది. ఆయిల్ వచ్చే రంధ్రం నుంచి పోయే రంధ్రం దాకా నెలవంక ఆకారంలో నల్లటి చార మిగిలింది. ఆయిల్ రాత్రిపూట నడిచే దారి అదే. దాని లోతు గోటికి కూడా అందదు. నా దగ్గర లీకులు పట్టే నైట్రోజన్ సిలిండర్ ఉంది కాబట్టి బిళ్ళ, స్ప్రింగు, మూత బిగించి ఒక రంధ్రంలో సన్న పైపుతో గ్యాసు వదిలి, రెండో రంధ్రం దగ్గర సబ్బు నీళ్ళు వేశాను. నురగ పొంగి కారింది. ప్రెషర్ చాలా తక్కువ పెట్టాలి, అయిదు పీఎస్‌ఐ లోపే. ఎక్కువ పెడితే స్ప్రింగ్‌ని తోసుకుని బిళ్ళే లేస్తుంది, మంచి పంపు కూడా లీకున్నట్టు చూపిస్తుంది.

కొత్త టైమింగ్ కవర్ కొనొచ్చు. మా మామకి ఫోన్ చేసి చెబితే "పుత్తూరికి తీసుకురా, కట్టు కట్టిస్తాం" అని నవ్వాడు. భాయ్ మాత్రం ఉన్న కవర్‌నే బాగుచేద్దామన్నాడు, పాత కవర్ పోత మంచిదని ఆయన నమ్మకం. ఆయన చెప్పినట్టు లేతు దగ్గర ఒక ఇత్తడి బిళ్ళ తిప్పించాను. పంపు గుంటలో కదలకుండా కూర్చునేంత సైజు, మధ్యలో స్పిండిల్ రంధ్రంలో దిగే పిన్ను, వెనక పట్టుకోవడానికి కాడ. ముఖం మాత్రం అద్దంలా సమంగా ఉండాలని లేతతని పక్కనే నిలబడి చేయించుకున్నాను. మూడు వందలు తీసుకున్నాడు.

దీనికి పేస్టు వాడలేదు. ఇత్తడి ముఖానికి వాటర్ పేపర్ (గరుకు కాగితం) గుండ్రంగా కత్తిరించి అంటించాను, ముందు 800 నంబరు, తర్వాత ఇంకా నున్నటి 1200. పేపర్‌లో గింజ జిగురుతో అంటుకుని ఉంటుంది, ఊడి అల్యూమినియంలో దిగడం తక్కువ. కిరోసిన్ చుక్కలు వేస్తూ, బరువు వేయకుండా, అరచేతిలో కాడ తిప్పుతూ రుద్దాలి. కొన్ని చుట్లకి ఒకసారి పేపర్ మార్చి, మార్కర్ పూసి చూసుకోవాలి. నెలవంక మొదట సన్నబడింది, తర్వాత రెండు ముక్కలైంది, చివరికి చుక్కలుగా మిగిలి అవీ పోయాయి. కొత్త బిళ్ళని మాత్రం విడిగా మందపాటి అద్దం మీద 1200 పేపర్ పరిచి, ఎనిమిది అంకె ఆకారంలో రుద్దాను. బిళ్ళని, పీఠాన్ని ఒకదాంతో ఒకటి రుద్దితే రెండూ కలిసి వంకరగా అరుగుతాయి. చాలామంది చేసేది అదే.

కడగడం ఈ పనిలో సగం. కిరోసిన్, ఆ తర్వాత సర్ఫ్ వేసిన వేడి నీళ్ళు, టూత్ బ్రష్, మళ్ళీ నీళ్ళు, ఆపైన ప్రతి ఆయిల్ దారిలోంచీ నైట్రోజన్ కొట్టడం. రాకర్ పైపులో కొట్టినప్పుడు సిలికాన్ గమ్ ముక్క ఒకటి వానపాము పిల్లలా బయటపడింది. ప్యాకింగులకి గమ్ పూసేవాళ్ళు బయటికి పొంగింది తుడుస్తారు, లోపలికి పొంగింది ఎటు పోతుందో ఆలోచించరు. నేను టైమింగ్ కవర్ ప్యాకింగ్‌కి గ్రీజు మాత్రమే పూసి, ఆయిల్ రంధ్రాలు ప్యాకింగ్‌తో మూసుకుపోలేదని అగ్గిపుల్ల దూర్చి చూశాను.

బిగించేటప్పుడు రెండు విషయాలు. పీఠం రుద్దినందువల్ల బిళ్ళ కొంచెం లోపలికి దిగింది, అంటే స్ప్రింగ్ పట్టు ఆ మేరకు తగ్గింది. మూత కింద మందపాటి ప్యాకింగ్ వేస్తే ఇంకా తగ్గుతుంది. అందుకని అక్కడ పలచటి కాగితం ప్యాకింగే వేశాను. రెండోది, క్రాంక్ చివరికీ కవర్‌కీ మధ్య ఉండే బిగ్ ఎండ్ సీలు. పాతది అప్పడంలా అణిగిపోయి ఉంది. అది సరిగా ఒత్తుకోకపోతే పంపు ఎంత బాగున్నా ఆయిల్ బిగ్ ఎండ్‌కి పోకుండా పక్క నుంచి టైమింగ్ గేర్లలోకి పోతుంది. ఎలాగూ కవర్ విప్పాం కాబట్టి మార్చేయండి. వార్మ్ నట్టు విప్పాల్సి వస్తే అది లెఫ్ట్ థ్రెడ్డు. మామూలు వైపు బలంగా తిప్పి విరగ్గొట్టిన వాళ్ళ కథలు భాయ్ దగ్గర బోలెడున్నాయి.

ఫిల్టర్ గుంటలో ఆయిల్ నింపి మూత వేశాను. స్పార్క్ ప్లగ్గు తీసి, ఫీడ్ ప్లగ్ వదులు చేసి, అక్కడ ఆయిల్ ఊరేదాకా కిక్కర్ తొక్కాను. ఈ పంపులు చాలా నిదానంగా తిరుగుతాయి, ఆయిల్ కనపడటానికి కాలు నొప్పి పుట్టింది. తర్వాతే స్టార్ట్ చేశాను.

ఆ రాత్రి పరీక్షలో క్వార్టర్ సీసాలో పావు వంతు కూడా రాలేదు. పూర్తిగా ఆగలేదు, ఈ ఇంజన్లో పూర్తిగా ఆగదు కూడా. నెలలు నిలబెడితే ఇప్పటికీ దిగుతుంది. కొన్ని పాత ఇంగ్లీషు బళ్ళకి ట్యాంకు విడిగా ఉంటుంది కాబట్టి పైపులో కుళాయి పెట్టుకుంటారు, మనకి ఆ వీలు లేదు. చిక్కటి ఆయిల్ పోస్తే ఆగుతుందని గేర్ ఆయిల్ కలిపేవాళ్ళున్నారు. ఆ పని మాత్రం వద్దు, పొద్దున్నే ఆ చిక్కటి ఆయిల్ బుష్ దాకా పోయేసరికి జరగాల్సింది జరిగిపోతుంది. 20డబ్ల్యూ 50 చాలు.

మామిడి సీజన్ మొత్తం బండి మీదే తిరిగాను, మొగిలి ఘాటుతో సహా. స్పిండిల్ పళ్ళు ఒక వైపు కొంచెం అరిగి ఉన్నాయి, ఇంకొన్నాళ్ళు లాగుతాయని భాయ్ అన్నాడు. ఈసారి చెన్నై పోయినప్పుడు పుదుపేటలో వెతుకుతాను. పీఠం రుద్దిన ఆ ఇత్తడి బిళ్ళ, అదే ల్యాపింగ్ టూల్, భాయ్ దగ్గరే పెట్టాను. చిత్తూరు చుట్టుపక్కల కాస్ట్ ఐరన్ బుల్లెట్ వాళ్ళు ఎవరైనా అడిగి తీసుకోవచ్చు. తిరిగి ఇచ్చేటప్పుడు పేపర్ పీకేసి, ముఖం తుడిచి ఇవ్వండి, లేకపోతే భాయ్ రెండోసారి ఇవ్వడు.